సుఖవ్యాధులతో వచ్చిన వారికి నర్సు చేయవలసిన సేవ, చెప్పవలసిన మాట

పాలమూరులో గానీ నల్లగొండలో గానీ దవాఖానకు వచ్చిన మనిషి తనకు సుఖవ్యాధి ఉందని చెప్పి ఓపీ చీటీ రాయించుకోవడం చాలా అరుదు. చీటీ మీద నడుము నొప్పి అనో, నీరసం అనో ఉంటుంది. బీపీ చూసి పంపించే వేళకు గడప దగ్గర ఆగి, “ఇంకో ముచ్చట ఉండె సిస్టరమ్మా” అంటారు. ఆ రెండో ముచ్చటే అసలు జబ్బు. దాన్ని బయటపెట్టడానికి వారు వారాల తరబడి వెనకాడి ఉంటారు. ఈలోపు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రెండు సూదులు, మందుల దుకాణంలో నాలుగు గోలీలు అయిపోయి ఉంటాయి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏరియా ఆసుపత్రుల్లో, జిల్లా కేంద్రాల్లో సుఖవ్యాధుల కోసం నడిచే సురక్ష క్లినిక్‌లలో పనిచేసే స్టాఫ్ నర్సులను, నర్సింగ్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. చికిత్సను నిర్ణయించేది వైద్యాధికారి. అయితే ఆ చికిత్స ఇంట్లో నిలుస్తుందా, నెల తిరగకుండా జబ్బు మళ్లీ మొదటికొస్తుందా అన్నది చాలావరకు నర్సు మాట్లాడిన తీరు మీద, అందులోనూ భార్యాభర్తల్లో రెండోవారిని చికిత్సకు రప్పించగలిగిన తీరు మీద ఆధారపడుతుంది. అందుకే ఆ భాగానికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

చెప్పుకునే చోటు

చాలా దవాఖానల్లో ప్రత్యేకమైన గది ఉండదు. ఒక తెర, ఒక బల్ల, తెరకు అవతల వరుసలో నిలబడ్డ పదిమంది ఉంటారు. తెర చూపును ఆపుతుంది గానీ మాటను ఆపదు. కాబట్టి కుర్చీని గోడ వైపు జరిపి, రోగి వీపు వరుస వైపు ఉండేలా కూర్చోబెట్టి, గొంతు తగ్గించి మాట్లాడాలి. అది కూడా కుదరకపోతే ఓపీ పలచబడిన తరువాత రమ్మని చెప్పవచ్చు. అయితే అలా చెప్పినప్పుడు “మీ ముచ్చట తీరుబాటుగా వినాలి, అందుకే ఒంటిగంటకు రమ్మంటున్నా” అని కారణం చెప్పాలి, లేకుంటే తనను వదిలించుకుంటున్నారని అనుకొని ఆ మనిషి తిరిగి రాడు.

స్త్రీలతో అత్తగారో భర్తో తోడు వస్తారు, అడిగిన ప్రశ్నకు వారే జవాబు చెబుతారు. వారిని బయటికి వెళ్లమంటే అనుమానం పుడుతుంది. బరువు చూడాలనో, మూత్ర పరీక్షకు సీసా ఇవ్వాలనో చెప్పి ఆమెను లోపలికి తీసుకువెళ్లి, అక్కడ ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడడం మేలు. రిజిస్టరును బల్ల మీద తెరిచి వదిలేయకూడదు, జబ్బు పేరును పక్క గదిలోని ల్యాబ్ టెక్నీషియనుకు కేక వేసి చెప్పకూడదు. ఇది రాయవలసిన విషయమా అనిపించవచ్చు గానీ, గోప్యత ఎక్కువగా చెడేది ఇలాంటి చోటనే.

వారి మాట, మన మాట

జననాంగాల బాధలను మన ప్రాంతంలో నేరుగా చెప్పరు. స్త్రీలు “తెల్లబట్ట అయితుంది” అంటారు. మగవారు “వేడి చేసింది”, “ఒంటికి పోతే మంట”, “గజ్జల్ల బిళ్ల కట్టింది” అంటారు. వయసు మళ్లినవారి నోట సెగ (గనోరియా), సవాయి (సిఫిలిస్) అన్న మాటలు ఇంకా వినిపిస్తాయి. రోగి వాడిన మాటను మొదట అలాగే అందుకోవాలి, తరువాత మెల్లగా విడదీసి అడగాలి. మూత్రం పోసేటప్పుడు మాత్రమే మంటనా, చీము కూడా కారుతుందా, పుండు ఉంటే నొప్పి ఉందా లేదా, మొదట నీటి పొక్కుల్లా వచ్చి చిట్లాయా, పొత్తికడుపులో నొప్పి ఉందా, తెల్లబట్ట పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడుతుందా, లేక పలుచగా ఉండి వాసన వస్తుందా అన్న తేడాలు వైద్యుడికి ఎంతో పనికొస్తాయి. “వేడి” అన్న మాట దగ్గరే ఆగిపోతే ఇవేవీ బయటికి రావు. సవాయి అన్న మాటను మాత్రం రోగి వాడినా మనం వాడకూడదు. అది ఊళ్లో జబ్బు పేరు కంటే తిట్టుగానే ఎక్కువ చెల్లుతుంది.

లైంగిక జీవితం గురించి అడిగే ముందు “ఈ తీరు బాధతో వచ్చిన అందరినీ ఇవే అడుగుతం, మీరొక్కరినే కాదు” అని ముందుమాట చెప్పాలి. “బయట సంబంధాలు ఉన్నాయా” అన్న ప్రశ్నలోనే తీర్పు ఉంది, దానికి నిజమైన జవాబు రాదు. “గత మూడు నెలల్లో ఎవరెవరితో కలిశారు, నిరోధ్ వాడారా” అని, బస్సు టికెట్ అడిగినంత మామూలు గొంతుతో అడగాలి. మగవారు మగవారితో కలిసే సందర్భాలు, నోటి ద్వారా, మలద్వారం ద్వారా జరిగే కలయిక ఈ జిల్లాల్లోనూ ఉన్నాయి. అడగకపోతే గొంతులో, మలద్వారంలో ఉన్న వ్యాధి పరీక్షకే రాదు. చివరగా నెలసరి ఎప్పుడు వచ్చింది, గర్భం ఉందా, పాలిస్తున్నారా, ఇంతకుముందు పెన్సిలిన్ సూదికి ఒళ్లు పడక అలర్జీ వచ్చిందా, ఇప్పటికే ఏ మందులు వాడారు అన్నవి తప్పకుండా రాసుకోవాలి. మందుల దుకాణంలో రెండు రోజులు గోలీలు మింగి చీము తగ్గగానే ఆపేసిన వారిలో క్రిములు చావకుండా మిగులుతాయి, మందులకు లొంగని రకాలు పెరగడానికీ అది ఒక కారణం.

పరీక్ష సమయంలో నర్సు పని సహాయకురాలి పనితో పాటు సాక్షి పని కూడా. స్త్రీ రోగిని పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు నర్సు గదిలోనే ఉండాలి; ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, అవసరమైన మేరకే బట్ట తొలగించి, మిగతాది దుప్పటితో కప్పాలి.

మందులు ఇచ్చేటప్పుడు

సుఖవ్యాధులకు మన దేశంలో లక్షణాలను బట్టి వెంటనే చికిత్స మొదలుపెట్టే పద్ధతి అమలులో ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఇందుకోసం రంగురంగుల డబ్బాల్లో మందుల కిట్లను సరఫరా చేస్తుంది. ఏ లక్షణానికి ఏ రంగు అన్నది క్లినిక్‌లోని పట్టికలో ఉంటుంది, వైద్యుడు రాసిన దాన్ని దానితో ఒకసారి సరిచూసుకొని ఇవ్వాలి. ఒకే మోతాదుతో అయిపోయే గోలీలను దవాఖానలోనే, మన కళ్ల ముందే మింగించడం ఉత్తమం.

మెట్రోనిడజోల్, సెక్నిడజోల్ ఉన్న కిట్లు ఇచ్చేటప్పుడు మద్యం వద్దని అందరూ చెబుతారు, కానీ అది సరిపోదు. నల్లగొండ పల్లెల్లో కల్లును చాలామంది మద్యం కింద లెక్కపెట్టరు. పైగా ఒంట్లో వేడి చేసిందంటే ఈత కల్లు చలువ అని తాగిస్తారు కూడా. కాబట్టి “మందు తాగుతారా” అన్న ప్రశ్నతో ఆగకుండా “కల్లు తాగుతారా” అని విడిగా అడిగి, గోలీలు వాడుతున్నన్ని రోజులు, ఆఖరి గోలీ తరువాత మరో మూడు రోజుల పాటు కల్లు కూడా ముట్టవద్దని, ముడితే వాంతులు, తలనొప్పి, గుండెదడ రావచ్చని చెప్పాలి.

డాక్సీసైక్లిన్‌ను గ్లాసు నిండా నీళ్లతో మింగాలి, మింగిన వెంటనే పడుకోకూడదు. లేకుంటే గోలీ అన్నవాహికలో ఇరుక్కొని పుండు చేస్తుంది. ఇనుము గోలీలు, గ్యాస్ మందు, పాలు దానితో కలిపి తీసుకోకూడదు. దీన్ని వాడుతున్న కాలంలో ఎండకు చర్మం కమలిపోతుంది గనుక పత్తి చేలలో, ఇటుక బట్టీల్లో పనిచేసేవారికి తలకు రుమాలు, నిండు చేతుల చొక్కా వేసుకోమని చెప్పాలి. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. నెల తప్పిందేమోనన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా ముందే వైద్యుడికి చెప్పాలి.

సిఫిలిస్‌కు ఇచ్చే బెంజథైన్ పెన్సిలిన్ సూది నర్సు నైపుణ్యానికి నిజమైన పరీక్ష. మొత్తం 24 లక్షల యూనిట్లను 12 లక్షల చొప్పున రెండు పిరుదుల్లో లోతుగా కండరంలోకి ఇస్తారు. వ్యాధి సోకి ఎన్నాళ్లయిందో తెలియనప్పుడు, లేదా ఏళ్లు గడిచినప్పుడు వారానికొకటి చొప్పున మూడు వారాలు ఇస్తారు. పొడి బాగా కరగకపోయినా, కలిపి కాసేపు పక్కన పెట్టినా సన్నని సూదిలో మందు గడ్డకట్టి ఆగిపోతుంది. అందుకే లావు సూది ఎంచుకొని, కలిపిన వెంటనే, ముందు వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకొని, నిలకడగా మెల్లగా ఎక్కించాలి. సూది పడక తీవ్రమైన అలర్జీ వస్తే వాడే అడ్రినలిన్ ఉన్న అత్యవసర ట్రే చేతికందే దూరంలో లేకుండా ఈ సూదిని అసలు మొదలుపెట్టకూడదు. సూది తరువాత అరగంట సేపు రోగిని కళ్ల ముందే కూర్చోబెట్టాలి. ఆ రోజు సాయంత్రమో రాత్రో చలిజ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి పుండ్లు ఎర్రబారవచ్చు. క్రిములు ఒక్కసారిగా చనిపోవడం వల్ల వచ్చే ఈ జ్వరం ఒక రోజులో తగ్గుతుందని ముందే చెప్పకపోతే, “సూది పడలేదు” అనుకొని రెండో సూదికి రారు. గర్భిణికి ఈ జ్వరం వస్తే మాత్రం నొప్పులు మొదలయ్యే అవకాశం ఉంటుంది కనుక వెంటనే రావాలని చెప్పి పంపాలి.

రెండోవారిని రప్పించడం

పాలమూరు లేబర్ ముంబయికి, పుణెకు మేస్త్రీల వెంట వలస పోవడం తరాల నుంచి ఉన్నదే. ఇటు నల్లగొండ, సూర్యాపేట వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు రాత్రింబగళ్లు నడుస్తాయి, మిర్యాలగూడ రైస్ మిల్లులకు ఎక్కడెక్కడి నుంచో కూలీలు వస్తారు. భార్యాభర్తలు నెలల తరబడి దూరంగా ఉండే జిల్లాల్లో పనిచేస్తున్నామన్న సంగతి మరచిపోకూడదు. అయితే లారీ డ్రైవర్ అనగానే, వలస కూలీ అనగానే జబ్బు అంటగట్టే అలవాటు మన సిబ్బందిలోనే ఉంది. ఊరు దాటని వారికీ, పెద్ద ఉద్యోగం చేసేవారికీ ఇవే జబ్బులు వస్తాయి.

దసరాకు భర్త ఇంటికి వచ్చి పోయాడు, మూడు వారాలకు భార్య దవాఖానకు వచ్చింది అనుకుందాం. ఆమె మొదట అడిగే ప్రశ్న “ఇది ఆయన నుంచి వచ్చిందా” అన్నదే. ఇక్కడ నర్సు తొందరపడితే ఒక సంసారం చెదిరిపోవచ్చు. తెల్లబట్ట అయినంత మాత్రాన సుఖవ్యాధి కాదు. పెరుగులాంటి తెల్లబట్ట, దురద కలిగించే కాండిడా, చేపవాసన వచ్చే బ్యాక్టీరియల్ వజైనోసిస్ ఒంట్లో సహజంగా ఉండే సూక్ష్మజీవుల సమతూకం తప్పడం వల్ల వస్తాయి. షుగర్ ఉన్నవారిలో, యాంటీబయాటిక్స్ వాడినవారిలో కాండిడా ఎక్కువ. వీటికి భర్తను అనుమానించవలసిన పని లేదు, ఆయనకు లక్షణాలు లేకుంటే సాధారణంగా చికిత్స కూడా అవసరం ఉండదు. ట్రైకోమోనాస్, గనోరియా, క్లమిడియా, సిఫిలిస్ విషయంలో మాత్రం ఇద్దరికీ చికిత్స తప్పనిసరి.

అప్పుడు కూడా ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు వచ్చిందో చాలాసార్లు చెప్పలేం. మగవారిలో గనోరియా సాధారణంగా 2 నుంచి 7 రోజుల్లో బయటపడుతుంది గానీ స్త్రీలలో తరచుగా ఏ లక్షణమూ చూపదు. క్లమిడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. సిఫిలిస్ పుండు 9 నుంచి 90 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు, దానంతట అదే మానిపోయి వ్యాధి ఏళ్ల తరబడి రక్తంలో దాగి ఉండవచ్చు. హెర్పిస్ సోకిన చాలా ఏళ్లకు మొదటిసారి పొక్కులు రావచ్చు. కాబట్టి “ఎవరి నుంచి వచ్చిందో పరీక్షలో తెల్వదు, పెండ్లికి ముందుదైనా కావచ్చు, ఇప్పుడు ఇద్దరికీ తగ్గించుకునుడే ముఖ్యం” అని చెప్పడం రోగిని ఊరడించడానికి ఆడిన అబద్ధం కాదు, వైద్యపరంగా నిజం.

రెండోవారికి తెలిపే బాధ్యతను సాధ్యమైనంత వరకు రోగి చేతిలోనే ఉంచాలి. ఇంటికి వెళ్లి ఏమని చెబుతారో మన ముందే ఒకసారి అనిపించి చూడడం బాగా పనిచేస్తుంది. “లోపల ఇన్ఫెక్షన్ ఉన్నదట, ఇద్దరం ఒక్కసారే గోలీలు ఏసుకోకుంటే మల్లమల్ల వస్తదట, సిస్టరమ్మ నిన్ను కూడ రమ్మన్నది” అన్న మూడు ముక్కలు చాలు. జబ్బు పేరు, చరిత్ర అంతా ఆమె మీద మోపనవసరం లేదు, అది మన దగ్గరికి వచ్చాక మనం మాట్లాడుకోవచ్చు. ఆయన వచ్చినప్పుడు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టకుండా విడివిడిగా మాట్లాడాలి, ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరవేయకూడదు. మగవాడికి లక్షణాలు లేకపోతే “నాకేం లేదు, నాకెందుకు గోలీలు” అంటాడు. గింజలో పురుగు పైకి కనిపించదు కదా అని వ్యవసాయం చేసేవారికి చెబితే వారికి వెంటనే ఎక్కుతుంది.

ఇదంతా చెప్పే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: “ఈ సంగతి ఇంట్లో చెబితే నీ మీద చేయి చేసుకుంటారా, ఇంట్లోంచి ఎల్లగొడతారా?” అవునంటే భర్తను పిలిపించే పనిని ఆపి, ఆమె చికిత్స మొదలుపెట్టి, ఎలా ముందుకు వెళ్లాలో వైద్యాధికారితో, కౌన్సెలర్‌తో కలిసి ఆలోచించాలి. హింసకు గురైన స్త్రీలకు అండగా ఉండే జిల్లాలోని సఖి కేంద్రం గురించి, మహిళల సహాయ నంబరు 181 గురించి నోటితో చెప్పాలి. కాగితం మీద రాసి ఇవ్వవద్దు. ఆ కాగితమే ఆమెకు ప్రమాదం కావచ్చు.

ఇద్దరి మందులూ పూర్తయ్యేవరకు, ఒకే మోతాదు చికిత్స అయితే ఆ తరువాత ఏడు రోజుల వరకు కలవకూడదు. ఇది చెప్పడం తేలిక, పాటించడం చాలామంది స్త్రీల చేతిలో లేదు. “దవాఖానల వారం రోజులు వద్దన్నరు, కలిస్తే సూది దండగ” అన్న సాకును మనమే ఆమెకు ఇచ్చి పంపాలి. నిరోధ్ వాడకాన్ని నమూనా మీద చేసి చూపించి, వారి చేత చేయించాలి. కొబ్బరినూనె, వాసెలిన్ రాస్తే రబ్బరు చిరుగుతుందని చెప్పాలి. ఉచిత నిరోధ్‌ల డబ్బాను నర్సు బల్ల మీద కాకుండా ఎవరూ చూడకుండా తీసుకోగలిగే మూలన పెట్టి చూడండి, ఎంత త్వరగా ఖాళీ అవుతుందో తెలుస్తుంది.

పరీక్షలు, చట్టం

సుఖవ్యాధి ఏదైనా ఉన్నవారికి సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోమని చెప్పాలి. పుండ్లు ఉన్నప్పుడు హెచ్ఐవీ సోకడం మరింత తేలిక. హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ప్రభుత్వ కేంద్రమైన ఐసీటీసీలో పరీక్ష ఉచితం. మొదటిసారి నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి. సిఫిలిస్ చికిత్స తరువాత ఆర్పీఆర్ అనే రక్త పరీక్ష విలువ తగ్గుతుందో లేదో 3, 6, 12 నెలలకు చూడాలి. 1:32 ఉన్నది 1:8కి దిగితే చికిత్స పనిచేసినట్టు. సిఫిలిస్‌కే చేసే మరో రక్త పరీక్ష టీపీహెచ్ఏ మాత్రం చికిత్స తరువాత కూడా చాలామందిలో జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుందని ముందే చెప్పకపోతే, ఆ రిపోర్టు చూసిన ప్రతిసారీ రోగి కుంగిపోతాడు. గర్భిణులందరికీ మొదటి విజిట్‌లోనే సిఫిలిస్ పరీక్ష జరగాలి. చికిత్స లేకపోతే గర్భస్రావం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, బిడ్డకు పుట్టుకతోనే వ్యాధి రావడం జరుగుతాయి. గర్భిణికి పెన్సిలినే సరైన మందు.

2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం సమ్మతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. భాగస్వామికి తెలిపే అధికారం కూడా కొన్ని షరతులకు లోబడి వైద్యుడికి లేదా కౌన్సెలర్‌కు మాత్రమే ఉంది. కాబట్టి సాటి ఊరివాడని, చుట్టమని జాలిపడి నర్సు చెప్పడానికి వీల్లేదు.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్లో సుఖవ్యాధి కనిపిస్తే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం కింద సమాచారం ఇవ్వడం విధి. వైద్యాధికారికి వెంటనే తెలపాలి, పిల్లలను పదిమంది ముందు పదిసార్లు ప్రశ్నించకూడదు. అత్యాచార బాధితులకు పోలీసు కాగితం లేదన్న కారణంతో చికిత్స ఆపకూడదు. హెచ్ఐవీ నివారణ మందులు 72 గంటలలోపే మొదలవ్వాలి.

మనకు సూది గుచ్చుకుంటే కూడా అదే గడువు. రెండు గంటలలోపు మొదలైతే మరీ మంచిది. గుచ్చుకున్న చోటును పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా సబ్బు నీళ్లతో కడిగి, వెంటనే వైద్యాధికారికి చెప్పాలి. వాడిన సూదికి మూత పెట్టే అలవాటు ఇంకా ఉన్నవారు ఈరోజే మానుకోవాలి, హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులూ పూర్తి చేసుకోవాలి.

మళ్లీ వచ్చేలా

ఏడో రోజు రమ్మంటే సరేనంటారు, ఎక్కువమంది రారు. కూలీ పోతుంది, బస్సు కిరాయి అవుతుంది. సంత రోజో, పిల్లకు టీకా వేయించే బుధవారమో, అలా వారు ఎలాగూ బయలుదేరే రోజుకు తేదీ కలపాలి. వలస పోయేవారిని “ఎన్నడు పోతున్నరు” అని మొదటి రోజే అడిగి, మూడు వారాల సూది ఉంటే రెండోది, మూడోది ఏ ఊళ్లో పడాలో అప్పుడే తేల్చుకోవాలి. అక్కడి ప్రభుత్వ దవాఖానను హెచ్ఐవీ, ఎయిడ్స్ సహాయ నంబరు 1097కు ఫోన్ చేసి కనుక్కోవచ్చని చెప్పాలి. పరాయి భాష ఉన్నచోట మన మాట అర్థం కాదు గనుక మందు పేరు, మోతాదు, ఇచ్చిన తేదీ, తరువాత ఇవ్వవలసిన తేదీ ఇంగ్లీషులో స్పష్టంగా రాసిన చీటీ చేతికివ్వాలి. దాని మీద జబ్బు పేరు రాయవద్దు. మందు పేరు చూస్తే డాక్టరుకు అర్థమవుతుంది, బస్సులో పక్కన కూర్చున్న మేస్త్రీకి అర్థం కాదు.